టీ గ్లాసు కింద ఉండిపోయిన మనిషి

తెల్లవారగానే చిక్కబళ్ళాపురం బైపాస్ రోడ్డు మీద, నందికొండకు ముఖం పెట్టి పరుగులు తీసే మిమ్మల్ని రోజూ చూస్తుంటాను. సైన్యంలో చేరాలని మీ ఆరాటం. పాలప్యాకెట్టు పట్టుకుని రోడ్డు వారగా నడిచే బట్టతల మనిషిని మీరూ చూసే ఉంటారు. అది నేనే. మొన్న మీలో ఒకమ్మాయి ఆగి, రొప్పుతూనే అడిగింది.

"సార్, మీరు మిలిట్రీలో ఉండ్రంట గదా. గన్ను పట్టుకోని ఎన్నేండ్లు చేసినారు?"

"గన్ను కాదమ్మా, పెన్ను," అన్నాను.

పాపం, ఆ అమ్మాయి మర్యాదగా నవ్వి, ఇంకేమీ అడగకుండా మళ్ళీ పరుగందుకుంది. నేను చెప్పింది నిజమే. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో నేను తుపాకీ పేల్చింది ఏడాదికొకసారి, అదీ పరీక్ష కోసం. ఆ రోజు నా గురికి శత్రువు కంటే నా పక్కన పడుకున్న సిపాయే ఎక్కువ భయపడేవాడు. టైపు మిషను మాత్రం రోజూ పేల్చాను. చింతామణిలో పీయూసీ, సాయంత్రం పూట ఇంగ్లీషు టైపింగు, ఇవే నా ఆయుధాలు. సెలక్షన్లో ఛాతీ కొలిచినప్పుడు అయిదు సెంటీమీటర్లు పెంచడానికి నేను పీల్చిన గాలి ఇంకా పూర్తిగా వదల్లేదేమోనని ఇప్పటికీ అనుమానం.

ఆ అమ్మాయి అడగని ప్రశ్న ఒకటుంది. ఇన్ని లక్షల మంది, ఇన్ని భాషల వాళ్ళు, ఒకరి ముఖం ఒకరు చూడని వాళ్ళు, ఒక్క మాట మీద ఎట్లా కదులుతారు? నేను పదమూడేళ్ళు ఆ యంత్రం లోపలే కూర్చుని కూడా దీన్ని అర్థం చేసుకోలేదు. ఒక్క పూటలో అర్థమైంది. అర్థమయ్యేలా చేసింది నా తెలివి కాదు, నా తప్పు.

ముందు మెట్ల సంగతి చెప్తాను. పది మంది ఒక సెక్షన్. మూడు సెక్షన్లు ఒక ప్లటూన్, మూడు ప్లటూన్లు ఒక కంపెనీ. నాలుగు కంపెనీలు, వాటికి తోడు వంటవాళ్ళు, వైర్‌లెస్ వాళ్ళు, నాలాంటి కాగితాల వాళ్ళు, అంతా కలిస్తే ఒక బెటాలియన్. అది ఒక కల్నల్ చేతిలో ఉంటుంది. బెటాలియన్లు మూడు కలిస్తే బ్రిగేడ్, బ్రిగేడ్లు కలిస్తే డివిజన్, డివిజన్లు కలిస్తే కోర్, కోర్‌లు కలిస్తే కమాండ్. కమాండ్లన్నిటి మీదా ఢిల్లీలో ఒక చీఫ్. ఆయన మీద, మనం ఓట్లేసి పంపిన వాళ్ళు. ట్రైనింగులో ఇదంతా నల్లబల్ల మీద మెట్లలాగా గీసి చూపించారు. పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. మెట్లు గుర్తుండటం వేరు, వాటి మీద నుంచి ఒక మనిషిని మోసుకు రావడం వేరని అప్పట్లో తెలియదు.

ఈ మెట్లన్నిటి మీదుగా ప్రతి పొద్దున్నా ఒక కాగితం పైకెక్కుతుంది. దాని పేరు పెరేడ్ స్టేట్. ఈ రోజు మనవాళ్ళు ఎంతమంది, ఉన్నవాళ్ళు ఎందరు, ఆసుపత్రిలో ఎందరు, లీవులో ఎందరు, దారిలో ఎందరు, అంతే దాని సారం. సెక్షన్ నాయకుడు పది తలలు చూసి చెప్తాడు. ఆ పదులన్నీ కలిసి కలిసి పైకిపోయి, చివరికి ఎవరో ఒక పెద్దాయన ముందు ఒక అంకెగా నిలబడతాయి. మా బెటాలియన్లో ఆ కాగితం నా చేతి మీదుగానే పోయేది. తొమ్మిది లోపల బ్రిగేడ్‌కు చేరాలి. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు, ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. ఆ గర్వంతో నేను కొంచెం మెడ ఎత్తి నడిచేవాణ్ణి. నా ఎత్తుకు అది అవసరం కూడా.

మా సుబేదార్ మేజర్ గారికి ఆ గర్వం నచ్చేది కాదు. బెటాలియన్లో సిపాయిలందరికీ పెద్దదిక్కు ఆయన. అనంతపురం వైపు మనిషి. ఆఫీసర్ల ముందు నిక్కచ్చి హిందీ, మా ముందు మన యాస.

"ఏమప్పా బాబూ," అనేవాడు నన్ను. సైన్యంలో క్లర్కులందరూ బాబులే. "అంకెలు కరెక్టుగా ఉండాయి. మనుషులు కరెక్టుగా ఉండారా?"

"అంకెలు కరెక్టుగా ఉంటే మనుషులు కరెక్టుగా ఉన్నట్టే గదా సాబ్."

"అది కాదు లెక్క. నువ్వు ఒకణ్ణి పంపినాక, అవతలోడు 'అందినాడు' అనేదాకా వాడు నీ చేతిలోనే ఉండాడు. చెయ్యి తీయగాకు."

ఆయన ఈ మాట నెలకు రెండుసార్లు చెప్పేవాడు. రెండుసార్లూ తల ఊపేవాణ్ణి.

అప్పుడు మేము ఉత్తరాన మంచు కొండల్లో ఉన్నాం. మా హెడ్‌క్వార్టర్ లోయలో. పైన శిఖరం దగ్గర ఒక పోస్టు. శిఖరానికి అవతలి వైపు వాలులో కింద ఒక క్యాంపు. పోస్టు నుంచి దిగే దారి ఆ క్యాంపుకే, అక్కడ నుంచే బండ్లు. పోస్టుకూ క్యాంపుకూ మధ్య ఎనిమిది కిలోమీటర్ల మంచు, సరిగ్గా సగం దారిలో ఒక రాతి గుడిసె. ఎవరైనా లీవు మీద దిగాలంటే పద్ధతి ఇది. పోస్టు వాళ్ళు నలుగురు తోడొచ్చి గుడిసె దాకా దింపుతారు. క్యాంపు వాళ్ళు నలుగురు కింద నుంచి గుడిసె దాకా ఎక్కి అందుకుంటారు. ఎండ ముదిరితే మంచు మెత్తబడి జారుతుంది కాబట్టి పోస్టు వాళ్ళు పదికల్లా వెనక్కి చేరిపోవాలి.

ఇందులో ఒక్క చిక్కుంది. మధ్యలో కొండ అడ్డం కాబట్టి పోస్టు వైర్‌లెస్ క్యాంపుకు అందదు. పోస్టు మాకు చెప్పాలి, మేము క్యాంపుకు చెప్పాలి. 'ఒకడు దిగుతున్నాడు, వచ్చి అందుకోండి' అని ఒక ఫారం నింపి, సంతకం పెట్టి, పక్క గదిలో వైర్‌లెస్ ఆపరేటరుకు ఇవ్వాలి. ఆ ఫారం నింపేవాణ్ణి నేనే. బ్యాటరీ ఆదా కోసం పోస్టు వాళ్ళు తమంతట తాము మాట్లాడేది రోజుకు రెండుసార్లే, పొద్దున ఏడుకీ సాయంత్రం అయిదుకీ. మధ్యలో మేము పిలిస్తే మాత్రం పలుకుతారు.

ఆ పోస్టులో మన జిల్లావాడు ఒక సిపాయి ఉండేవాడు. బాగేపల్లి తాలూకా చాకవేలు. బెటాలియన్ మొత్తానికి మన జిల్లా వాళ్ళం మేమిద్దరమే కాబట్టి, నాకంటే పదేళ్ళు చిన్నవాడైనా, నన్ను అన్నా అనేవాడు. పోస్టుకు ఎక్కే ముందు లీవు కోసం నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, వచ్చే నెల రెండో సోమవారం మా చేనికి సర్వేయరు వస్తాండాడు. మా నాయన మూడేండ్లు తాలూకాఫీసుకు తిరిగితే దొరికిన దినం. నేను లేకుంటే మా చిన్నాయన కొడుకులు గట్టు రాయిని ఇంగో రెండు గజాలు నడిపించేస్తారు."

"రాళ్ళు నడుస్తాయేమప్పా?"

"మా ఊర్లో నడుస్తాయన్నా. వానాకాలంలో ఇంకా బిరిన నడుస్తాయి."

నేను నవ్వాపుకోలేకపోయాను. వాడు మాత్రం నవ్వలేదు. "చూడు గదా అన్నా, ఈడ దేశం గట్టు కాస్తాండాను. ఆడ రెండెకరాల శెనక్కాయ చేనికి గట్టే లేదు. మా నాయనకు దిక్కెవరు?"

లీవు మంజూరు చేయించాను. నా సర్వీసులో అంత శ్రద్ధగా టైపు చేసిన కాగితం ఇంకోటి లేదు.

దిగే రోజు వచ్చింది. ఏడు గంటలకు పోస్టు నుంచి మాట వచ్చింది: ఒకడు బయల్దేరాడు, తోడు నలుగురు. ఫారం తీసి నింపాను. సంతకం పెట్టాను. లేచి పక్క గదిలో ఇవ్వబోతుంటే టీ వచ్చింది. గ్లాసు అందుకుని, వేడిగా ఉంటే టేబుల్ మీద పెట్టాను. గడియారం చూశాను. పెరేడ్ స్టేట్ ఇంకా సగం కూడా కాలేదు. ముందు ఇది ముగిద్దాం అని కూర్చున్నాను.

ఇక్కడ నా తెలివి చూడండి. ఆ కాగితంలో దారిలో ఉన్నవాళ్ళకు వేరే గడి ఉంది. దారిలో ఒకడిని చూపిస్తే, రేపు వాణ్ణి మళ్ళీ ఆ గడి నుంచి తీసి లీవు గడిలో వేయాలి. ఎందుకొచ్చిన రెండు పనులు? ఎలాగూ పదింటికి చేరిపోతాడు, ఎప్పుడూ చేరేవాళ్ళే. వాణ్ణి తిన్నగా లీవు గడిలో వేసేశాను. కాగితం మీద మా చాకవేలాయన మంచు దిగేశాడు, బండెక్కేశాడు, ఇంటి దారి పట్టేశాడు. తొమ్మిదికి పది నిమిషాల ముందే కాగితం బ్రిగేడ్‌కు వెళ్ళిపోయింది. నేను ఒళ్ళు విరుచుకున్నాను.

పది దాటాక ఆఫీసు ఫోను మోగింది. చాకవేలు నుంచి వాళ్ళ నాయన.

"సామీ, నేనప్పా, వాని నాయనను. మావాడు బయల్దేరినాడా?"

"దిగేసినాడప్పా. లీవులో ఉండాడు."

"దిగేసినాడా! సల్లగుండు సామీ. సోమారానికి అందుకుంటాడా?"

"ఆరామంగా అందుకుంటాడు. నువ్వు సర్వేయరుకు కోడి కోసి పెట్టుకో."

ఆయన నవ్వు ఇంకా నా చెవిలో ఉంది. ఆ నవ్వుకు నేను బదులుగా ఇచ్చింది ఒక అబద్ధం. అప్పటికి అది అబద్ధమని నాకూ తెలియదు, అదే అసలైన భయం.

పదకొండున్నర దాటింది. బయట వెలుగు తగ్గినట్టయింది. కిటికీలోంచి చూస్తే శిఖరం లేదు. మబ్బు దాన్ని మింగేసింది. రెండో విడత టీకి గ్లాసు కడుక్కుందామని, తాగడం మరిచి చల్లారిపోయిన పొద్దుటి గ్లాసు ఎత్తాను. గ్లాసుతో పాటు కాగితం కూడా లేచింది. అడుగున ఒలికిన తీపి టీకి అంటుకుని, గాల్లో వేలాడుతోంది. నా సంతకం ఉన్న ఫారం. ఒకడు దిగుతున్నాడు, వచ్చి అందుకోండి.

క్యాంపుకు ఎవరూ చెప్పలేదు. క్యాంపు వాళ్ళు ఎవరూ ఎక్కలేదు. పోస్టు వాళ్ళు వాణ్ణి గుడిసెలో దింపి, క్యాంపు వాళ్ళు ఆలస్యం కావడం మామూలే అనుకుని, మంచు మెత్తబడక ముందే వెళ్ళిపోయి ఉంటారు. పోస్టు లెక్కలో వాడు వెళ్ళిపోయినవాడు. క్యాంపు లెక్కలో వాడు అసలు లేడు. నా లెక్కలో వాడు లీవులో ఉన్నాడు. ఇంత పెద్ద సైన్యంలో ఏ కాగితంలోనూ లేని మనిషి ఒక్కడే, మంచులో, రాతి గుడిసెలో.

దాచకుండా చెప్పాలి మీకు. ఒక దొంగ ఆలోచన వచ్చింది. ఇప్పుడు ఫారం ఇచ్చేస్తే? టైము దిద్దితే? క్యాంపు వాళ్ళు వెళ్ళి తెస్తారు, ఎవరికీ తెలియదు. కానీ ఈ మబ్బులో ఏ క్యాంపు కమాండరూ మామూలు ఫారం చూసి మనుషుల్ని పైకి పంపడు. 'వాతావరణం బాగాలేదు, రేపు' అంటాడు. అది తప్పు కూడా కాదు. వాణ్ణి ఈ రోజే తేవాలంటే పెద్ద గొంతు ఆర్డరు వేయాలి. ఆ గొంతుకు నిజం తెలియాలి.

తడి కాగితం పట్టుకుని సుబేదార్ మేజర్ గారి గదికి పరుగెత్తాను. చెప్పాను. ఆయన కాగితం కేసి చూశాడు, నా కేసి చూశాడు. తిట్టలేదు.

"కల్నల్ సాబ్‌కి నువ్వే చెప్పు."

"మీరు చెప్తే..."

"నేను చెప్తే రెండు నిమిషాలు పోతాయి. ఆయన అడిగే ప్రశ్నలకు జవాబు నీ దగ్గర ఉండాది. పద, నేను నీ యెనకనే నిలబడ్తా."

కల్నల్ గారు మ్యాప్ ముందు నిలబడి ఉన్నారు. ఉత్తరాది మనిషి, మాట తక్కువ. హిందీలో చెప్పాను. ఆయన మూడే మూడు అడిగారు. గుడిసెలో ఎన్ని గంటలకు దింపి ఉంటారు? గుడిసెలో ఏముంది? వాడికి ఏ ఆర్డరు ఇచ్చారు?

"ఎనిమిదిన్నరకి సాబ్. కిరసనాయిలు స్టవ్, రెండు దుప్పట్లు, బిస్కెట్లు. క్యాంపు వాళ్ళు వచ్చి అందుకునేదాకా గుడిసె వదలొద్దని ఆర్డరు సాబ్. అందరికీ అదే ఆర్డరు."

"అయితే అక్కడే ఉన్నాడు," అన్నారాయన. అడగడం కాదు, చెప్పడం.

ఆ తరువాత జరిగింది చూసే భాగ్యం ఒక క్లర్కుకు మామూలుగా రాదు. నాకు వచ్చింది, నా తప్పు పుణ్యమా అని.

కల్నల్ గారు వైర్‌లెస్ అందుకున్నారు. క్యాంపుకు ఒక మాట, పోస్టుకు ఒక మాట. పై నుంచి ఒక దళం, కింద నుంచి ఒక దళం, తాళ్ళు కట్టుకుని, గుడిసె దగ్గర కలవాలి. ఏం చేయాలో చెప్పారు. ఎట్లా చేయాలో చెప్పలేదు. ఏ దారిన, ఎంతమంది, ఎవరు ముందు, అదంతా అక్కడ మంచు మీద నిలబడ్డవాళ్ళకు వదిలేశారు. తరువాత బ్రిగేడ్‌కు ఫోను. అవతల బ్రిగేడియర్ గారు. ఎందుకు జరిగిందని అడిగి ఉంటారు. నేను కళ్ళు మూసుకున్నాను. నా పేరు వినబడుతుందని.

"నా యూనిట్ తప్పు సర్. నాది," అన్నారు కల్నల్ గారు.

అంతే. నా వైపు చూడను కూడా లేదు.

అప్పుడు నాకు మెట్ల బొమ్మ మొదటిసారి అర్థమైంది. ఆర్డరు కిందికి దిగుతుందని అందరికీ తెలుసు. తప్పు పైకెక్కుతుందని మాత్రం నల్లబల్ల మీద ఎవరూ గీయలేదు. నా టీ గ్లాసు కింద పుట్టిన తప్పు కల్నల్ భుజం మీదికెక్కి, అక్కడే ఆగింది. కింద ఉన్న నా మీదికి తిరిగి జారలేదు.

ఇక వరసగా ఫోన్లు. బ్రిగేడ్ నుంచి డివిజన్‌కు. హెలికాప్టరు అడిగారు. అరగంటకు జవాబు, మబ్బు వల్ల ఎగరలేం, కానీ ఇంజను వేడి చేసి ఉంచాం, మబ్బు విడిచిన నిమిషం లేస్తాం. ఎక్కడో అయిదు గంటల దూరంలో ఆసుపత్రిలో ఒక మంచం ఖాళీ చేశారు. క్యాంపులో డాక్టరు నీళ్ళు కాచి ఉంచాడు, ఎంత వేడో కూడా కొలిచి. ఎప్పుడూ చూడని ఆఫీసర్లు ఫోనులో వాడి పేరు అడుగుతున్నారు. స్పెల్లింగు అడుగుతున్నారు. చాకవేలు రైతు కొడుకు పేరు ఆ మధ్యాహ్నం మెట్టు తరువాత మెట్టు ఎక్కుతూ కోర్ దాకా వెళ్ళింది. పొద్దున నేను అంకెగా పంపిన వాడు, ఇప్పుడు పేరుగా వెళ్తున్నాడు.

మనవైపు పట్టు తీసేది చూశారు కదా. మరిగే నీళ్ళలో గూళ్ళు తేలుతుంటాయి. ఒక్కో గూటి పోగు కంటికే ఆనదు. పది పోగులు కలిపి లాగితే దారమవుతుంది. అక్కడ ఒక్క పోగు తెగితే రీలింగు మనిషి చక్రం ఆపి, దాన్ని వెతికి అతికిస్తాడు. పట్టుకు అంత పట్టు ఉండేది అందుకే. ఆ మధ్యాహ్నం నా ముందు చక్రం ఆగింది. ఎంత పెద్ద చక్రమో అప్పుడు చూశాను.

అన్నీ చెప్పేశాక కల్నల్ గారు కూర్చున్నారు. ఊరికే కూర్చున్నారు. ఇంకో ఫోను చేయలేదు. 'ఎక్కడిదాకా వచ్చారు' అని దళాన్ని అడగలేదు. మంచులో నడిచేవాడు ఆగి జవాబు చెప్పాలంటే అంత ఆలస్యం కదా. నాకు ఆయన అంతసేపు చేసిన పనుల్లో కష్టమైనది అదే అనిపించింది. గంటన్నర సేపు చేతులు కట్టుకుని ఫోను కేసి చూడటం.

సుబేదార్ మేజర్ గారు నా పక్కన గోడకానుకుని, వినబడీ వినబడనట్టు అన్నాడు. "చెయ్యి తీయగాకంటే ఇదే అప్పా."

మూడు దాటాక వైర్‌లెస్ ఆపరేటరు పరుగెత్తుకొచ్చాడు. పై దళం గుడిసె చేరింది. గాలికి మంచు పేరుకుని తలుపు మూసుకుపోయింది, తవ్వి తెరిచారు. మనిషి ఉన్నాడు. మాట్లాడుతున్నాడు. గాలి ఆడటానికి కప్పులో ఉండే కన్నాన్ని గంటకోసారి కర్రతో పొడిచి తెరుచుకుంటూ కూర్చున్నాడు, ట్రైనింగులో చెప్పినట్టే. ఎడమ కాలు మాత్రం కొంచెం దెబ్బతింది.

కల్నల్ గారు లేచి, నాతో మొదటిసారి నేరుగా అన్నారు. "వాళ్ళ నాన్నకు నువ్వే ఫోన్ చెయ్యి. పూర్తిగా చెప్పు."

పూర్తిగా చెప్పాను. ఆ పెద్దాయన ఒకటే అడిగాడు.

"అంతసేపూ కదలకుండా కూచునుండాడా, మావాడు?"

"కూచునుండాడప్పా."

"ఇంట్లో ఒక్క గడియ కూచునేవాడు కాదే సామీ!" అని, నవ్వబోయి ఏడ్చాడు.

మూడో రోజు నన్ను టోపీ, బెల్టు తీయించి కల్నల్ గారి ముందు నిలబెట్టారు. సైన్యంలో శిక్ష వేసే పద్ధతి అది. తీవ్ర మందలింపు. సర్వీసు రికార్డులో ఎర్ర సిరా. బయటికి పోయే ముందు ధైర్యం చేసి నోరు తెరిచాను. "సాబ్, నేనే వచ్చి చెప్పాను..."

"శిక్ష తప్పుకి," అన్నారాయన. "నిజం చెప్పినందుకు వేరే ఏమీ రాదు. అది నీ జీతంలోనే ఉంది."

ఆ ఎర్ర సిరా వల్ల నా ప్రమోషను అయిదేళ్ళు వెనకబడింది. నా రికార్డు మొత్తం నలుపూ తెలుపూ, ఆ ఒక్క చోటే కాస్త రంగు. ఇప్పుడు తిరగేస్తే దాని దగ్గరే ఆగుతాను.

ఆసుపత్రికి వెళ్ళి వాణ్ణి చూశాను. ఎడమ కాలి చిటికెన వేలి కొన తీసేశారు. నేను తల ఎత్తలేకపోయాను. వాడే మాట కలిపాడు.

"ఏమన్నా, మొకం అట్ల పెట్టినావు? వేలే గదా. చేను కాదు గదా."

"భయం కాలేదా రా నీకు? మధ్యాహ్నం దాకా ఎవరూ రాకుంటే?"

"ఏంటికి భయం? ఎవరో ఒకరు వస్తారని తెలుసు." కాస్త ఆగి, ఎంతో మామూలుగా అన్నాడు. "నన్ను లెక్కబెట్టేవానివి నువ్వే గదన్నా. ఊరోనివి. మర్చిపోతావా?"

నా తప్పు సంగతి వాడికి అప్పటికి ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాను, అక్కడే, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, టీ గ్లాసుతో సహా. వాడు కప్పు కేసి చూస్తూ విన్నాడు. నేను లేచి వస్తుంటే అడిగాడు. "సోమారం పాయె గదా. సర్వేయరు మళ్ళీ ఎప్పుడు వస్తాడో?"

ఆ మాట కల్నల్ గారి చెవిన వేశాను. మన జిల్లాధికారి కచేరీకి ఒక ఉత్తరం వెళ్ళింది, ఫలానా సిపాయి దేశసేవలో ఉన్నందున హాజరు కాలేకపోయాడు, దయచేసి ఇంకో దినం ఇప్పించగలరు అని. టైపు చేసింది నేనే. దాన్ని నేనే తీసుకెళ్ళి ఇచ్చాను, టీ తాగకుండా.

రెండు నెలల తరువాత వాడి లీవూ నా లీవూ కలిసేలా చూసుకుని, కొలత రోజుకు నేనూ చాకవేలు వెళ్ళాను. సర్వేయరు కన్నడాయన. "కల్లు ఎల్లిదె?" అంటూ గట్టు రాయి కోసం పొలమంతా తిరిగాడు. రాయిని కన్నడంలో కల్లంటారని మన తాలూకాలో తెలియనివాడు లేడు. అయినా కల్లు ఎక్కడుందని ఒక గవర్నమెంటు మనిషి పట్టపగలు అడుగుతుంటే, గట్టు తగాదాలో ఉన్న చిన్నాయన కొడుకులకు కూడా నవ్వొచ్చింది. దానితో సగం కోపం పోయింది.

రాయి దొరికింది, గజమున్నర నడిచిన చోట. కొలత గొలుసుకు ఒక కొన పట్టుకునే మనిషి కావాలి.

"అన్నా, నువ్వు ఈ మూల నిలబడు," అన్నాడు మావాడు, కొంచెం కుంటుతూ వచ్చి గొలుసు నా చేతికిచ్చి. "నేను వచ్చి చెప్పేదాకా కదలగాకు."

నిలబడ్డాను. వాళ్ళు అటు కొలుచుకుంటూ పోయారు. తూర్పు గట్టు దాటి, చింతచెట్ల అవతలికి పోయి, కనబడకుండా పోయారు. గొలుసు లాగుడు ఆగిపోయింది. ఎండ ముదిరింది. బాగేపల్లి ఎండ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఊరివైపు నుంచి భోజనాల సందడి వినబడుతోంది, నా పేరు పెట్టి ఎవరూ పిలవడం లేదు. శెనక్కాయ చెట్ల మధ్య, చేతిలో ఇనప గొలుసు కొనతో, నేను, నా నీడ. నీడ కూడా అప్పటికి కాళ్ళ కిందికి వచ్చేసింది.

వదిలేసి పోవచ్చు. గొలుసు కింద పెట్టి, కాళ్ళు సాగదీసుకుంటూ వెళ్ళి, వాళ్ళతో పాటు కూర్చోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. పోలేదు.

గంట పైన అయ్యుంటుంది. గట్టు మీద కుంటుకుంటూ ఒక మనిషి కనబడ్డాడు. చేతిలో మజ్జిగ చెంబు. దగ్గరికొచ్చి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఇంగా ఈడనే ఉండావా అన్నా?"

"నువ్వు వచ్చి చెప్పలేదు గదప్పా."

వాడు నిజంగా మర్చిపోయాడో, లెక్క సరిచేశాడో నేను అడగలేదు. వాడూ చెప్పలేదు. చెంబు నా చేతిలో పెట్టి, గొలుసు కొన తను అందుకున్నాడు. బాగా పట్టుకున్నాడని చూసుకున్నాకే, నేను చెయ్యి తీశాను.